కిష్టన్న బాల్ వెనకకెందుకు కొట్టిండు

చాంద్ పాషా తల్లి కడుపుల నుంచి బయటపడంగనే మంత్రసాని ముఖం దిక్కు అనుమానంగ చూసిండని సిరొంచల ఒక ముచ్చట ఉండె. ఆ ముచ్చట పుట్టిచ్చింది పరాయోల్లు కాదు, ఆయన పెండ్లాం అఖ్తర్ బీనే. "మా ఆయన పాలు తాగేముందు వాసన చూస్తడు, నీళ్లు తాగేముందు కుండల తొంగి చూస్తడు. నన్ను చేసుకునే ముందు మా ఇంటి చుట్టు మూడు దినాలు చక్కర్లు కొట్టిండు. నాలుగో దినం మా అబ్బాజాన్ పిలిచి, లోపటికొచ్చి చూసుకో నాయ్నా, బయటి నుంచి ఏం కనవడ్తది అన్నడు," అని బాయికాడ చెప్పి అందర్ని నవ్విచ్చేది.

ఆయనకు కొలువు గూడ అసొంటిదే దొరికింది. జంగ్లాత్, అంటే అడివి శాఖ వాళ్ల టేకు డిపోల చౌకీదారు. కమలాపూర్ దిక్కు నుంచి, ఏటపల్లి దిక్కు నుంచి బండ్ల మీద దుంగలొస్తె ఒక్కొక్కదాని కొసకు సుత్తెతోని కొట్టిన సర్కారు ముద్ర ఉన్నదా లేదా చూసుడు ఆయన పని. ముద్ర లేని దుంగ దొంగ దుంగ. దొంగలు తెలివిగల్లోల్లు, కొత్తగ కోసిన కొసకు బురద పూసి పాతదాని లెక్క చేసేటోల్లు. చాంద్ పాషా గోరుతోని గీకి చూసేటోడు. "బురద దానంతట అది అంటుకుంటే ఒక తీరుగుంటది, పూస్తె ఒక తీరుగుంటది," అనేటోడు. ఇరవై ఏండ్లు గట్ల గీకి గీకి, ఆఖరికి మనుషులను గూడ గీకి చూసుడు అలవాటైంది. ఎవరన్న "సలామ్ భాయ్" అంటే, ఈయన ఇయ్యాల సలామెందుకు పెట్టిండని ఇంటికొచ్చేదాక ఆలోచన చేసేటోడు.

ఇసొంటి మనిషికి ఒక్క పిచ్చి ఉండె. అది ఫుట్‌బాల్.

డిపోకు, ప్రాణహిత ఒడ్డుకు నడుమ ఒక జాగ ఉండె. అంతట నరికిన చెట్ల మోడ్లు, తుప్పలు. మూడు ఎండకాలాలు, డ్యూటీ దిగినంక, చాంద్ పాషా గడ్డపార పట్టుకోని ఒక్కొక్క మోడు పీకిండు. అరచేతులు పగిలి నెత్తురు కారితె అఖ్తర్ బీ పసుపు నూనె రాసి తిట్టేది. ఆ జాగల పదకొండు మందిని జమ చేసి సిరొంచ టీమ్ అని పేరు పెట్టిండు. తాను కెప్టెన్, తానే గోల్ కీపర్. కీపర్ ఎందుకైండంటే, వెనక నిలబడితె అందరు కనవడ్తరు, తన వెనక మాత్రం ఎవ్వరుండరు.

టీమ్‌ల సగం మంది బెస్తోల్లు. వాళ్లల్ల కిష్టన్న సెంటర్ హాఫ్, అంటే నడిమిట్ల ఆడి అటు ఇటు బాల్ పంచేటోడు. సన్నటి మనిషి, నోట్లె మాట తక్కువ. పుట్టింది అంకిస ఊర్ల గని, తండ్రి గోదారిల మునిగి పోయినంక తల్లి రాజవ్వతోని సిరొంచ బెస్తవాడకొచ్చి ఇల్లు కట్టుకున్నడు. ముందట ఆడి గోల్ కొట్టేటోడు కరీమ్. బీడీల దుకానం ఉన్నది, కాళ్లల్ల గుర్రముంటది, నోట్లె చిలుక ఉంటది.

అది 1955. అప్పటికి సిరొంచ మధ్యప్రదేశ్‌ల ఉండె, ప్రాణహిత దాటితె హైదరాబాద్ రాష్ట్రం. ఆ అవతలి ఒడ్డున, చెన్నూరు తొవ్వల, సడక్ పనికి ఒక క్యాంపు పడ్డది. డేరాలు, రోలర్లు, మూడు వందల మంది మనుషులు. వాళ్ల ఫోర్‌మన్ గోపాల్‌రావు హైదరాబాద్ పట్నంల పెరిగినోడు. వచ్చినోడు సడక్ వేసుకోని పోవచ్చు గద, టీమ్ గూడ పెట్టిండు. దసరా పోయినంక సిరొంచోల్లను ఆటకు పిలిచిండు.

ఆ ఆట గురించి ఎవరన్న తీస్తె చాంద్ పాషా తలకాయ పక్కకు తిప్పుకునేటోడు. అయిదు గోల్స్ పడ్డయి, ఒక్కటి కొట్టలేదు.

మన దిక్కు అందరు ఆడేది ఒక్క తీరె. బాల్ అవతలోనికి పోతె మనం వెనకకొచ్చి మన గోల్ ముందట నిలబడాలె, వాడు వచ్చేదాక ఆగాలె. క్యాంపోల్లు గట్ల ఆగలేదు. బాల్ మనోల్ల కాలుకాడికి వచ్చుడే ఆలస్యం, గోపాల్‌రావు ఠప్పున చప్పట్లు కొట్టుడు, నలుగురు బూట్లేసుకోని మీదికి ఉరుకుడు. అది గూడ మన గోల్ ముందటనే! మనోల్లయి ఉత్త కాళ్లు. ఎదురుంగ నాలుగు జతల బూట్లు ధన్ ధన్ అనుకుంట వస్తుంటే బాల్ దిక్కు ఎవడు చూస్తడు, వేళ్ల దిక్కు చూసుకుంటడు. కండ్లు మూసి ఎటుపడితె అటు కొట్టుడు, అది పోయి మల్ల వాళ్లకే దొరుకుడు.

ఆట చూడ వచ్చిన రేంజర్ సాబ్ నావల వాపస్ వచ్చేటప్పుడు ఒక్క మాటన్నడు. "చౌకీదార్, వచ్చే వానకాలంకు డిపోకు జాగ సాలదు. నువ్వు సాఫ్ చేసిన మైదానంల దుంగలు పేరుస్త. ఓడిపోయే టీమ్‌కు మైదానమెందుకు?"

అఖ్తర్ బీ రెండో దినం సాబ్ ఇంటికి పోయి, వాళ్లావిడతోని చాయ్ తాగి, ఏం చెప్పిందో ఏమొ గని సాబ్ జర మెత్తవడ్డడు. "మాఘంల ఇంకొక్క ఆట పెట్టిస్త, ఈసారి మన దగ్గర్నే. క్యాంపోల్లను గెలిస్తె మైదానం మీదే, దుంగలు ఎగువ ఒడ్డున పెట్టుకుంట. ఓడితె మాత్రం తెల్లారి నుంచే బండ్లు ఖాళీ చేస్త."

ఇగ చాంద్ పాషాకు నిద్రెక్కడిది?

ఆట నెల రోజులున్నదనంగ కిష్టన్న నడవడి మారింది. మారిందని చాంద్ పాషాకు అనిపిచ్చింది. ప్రాక్టీస్‌ల ఎవరన్న మీదికొస్తె, కిష్టన్న బాల్‌ను ముందటికి కొట్టుడు బంద్ చేసిండు. తన గోల్ దిక్కుకే, అంటే చాంద్ పాషా దిక్కుకే, వెనకకు కొట్టుడు మొదలువెట్టిండు.

"అరే కిష్టా! నేను మనోన్ని, వాళ్ల గోల్ అటున్నది!" అని చాంద్ పాషా ఒర్రిండు.

కిష్టన్న తలకాయ ఊపిండు. మల్ల అట్లనే కొట్టిండు. మూడోసారి కొట్టినప్పుడు చాంద్ పాషా కరీమ్‌ను తిట్టుకుంట పక్కకు చూస్తుండె, బాల్ ఆయన కాళ్ల పక్క నుంచి పోయి గోల్ల పడ్డది. సొంత మనిషి కొట్టిన గోల్! చూడ వచ్చినోల్లు ఇకఇక నవ్విన్రు.

"ఎందుకు కొట్టినవ్?" అని చాంద్ పాషా దగ్గరికి పోయి అడిగిండు.

"నువ్వు సూస్తలేవనుకోలే, భాయ్."

"అది కాదు. అసలు వెనకకెందుకు కొడుతున్నవ్?"

కిష్టన్న నదీ దిక్కు చూసిండు, కాలి బొటనవేలుతోని మట్టి గీకిండు. పైంగ ఇంకో మాట అడిగిండు. "భాయ్, బాల్ కాళ్లకాడ పెట్టుకోని, చేతులకు తీసుకోకుంట, ఎంత సేపు నిలబడ్తవ్?"

కీపర్‌ను గిట్ల ఎవడన్న అడుగుతడా? చాంద్ పాషా ఆ మాటను ఇంటికి తీస్కపోయి అన్నంల కలుపుకోని తిన్నడు.

రెండో దినం కరీమ్ బీడీల దుకానంల కూసోని గొంతు తగ్గిచ్చి చెప్పిండు. "పాషా భాయ్, నేను చెప్పిన అనకు. చెన్నూరు అంగడికి పోయిన. వచ్చేటప్పుడు క్యాంపుకాడ కిష్టన్న కనవడ్డడు. గోపాల్‌రావు పక్కకే కూసున్నడు. చాయ్ తాగుతున్నడు."

"చేపలమ్మ పోతడు గద, మంగళారం, శుక్రారం."

"చేపలమ్మేటోడు గంప దించాలె, అమ్మాలె, రావాలె. ఈయన గంప ఖాళీ చేసి గంట సేపు వాళ్ల ఆట చూసుకుంట కూసున్నడు. నవ్వుతున్నడు గూడ."

కిష్టన్న నవ్వుడు! సిరొంచల ఆయన పండ్లు ఎన్నున్నయో ఎవరికెరుక లేదు. ఆ శుక్రారమే కిష్టన్న ప్రాక్టీస్‌కు ఖాకీ అంగీ తొడుక్కోని వచ్చిండు. క్యాంపోల్ల అంగీ. చేపలకు బదులు ఇచ్చిన్రట. అట అని ఆయనే చెప్పిండు, అడగకుంటనే. అడగకుంటనే చెప్పిన మాట పూసిన బురద అసొంటిదని చాంద్ పాషా అనుకున్నడు.

రాత్రి అన్నం కాడ అఖ్తర్ బీ అన్నది, "ఏంజీ, కిష్టన్న మీద కన్నేసినవా? నీ ముఖం డిపోల ముద్ర లేని దుంగను చూసినట్టున్నది."

"మన గోల్ దిక్కుకే కొడుతున్నడు. అడిగితె చెప్తలేడు. క్యాంపుల చాయ్ తాగుతున్నడు. ఇంక ఏం గావాలె?"

"నేను గూడ రేంజర్ సాబ్ ఇంట్ల చాయ్ తాగిన. నన్ను గూడ అమ్ముడువోయింది అంటవా?"

చాంద్ పాషా ఆమె దిక్కు ఒక్క నిమిషం చూసిండు. ఆమెకు కోపమొచ్చి కంచం తీసేసింది. "ఆలోచన చేస్తున్నవ్ సూడు! ఛీ!"

తెల్లారి ఆయన రాజవ్వ దగ్గరికి పోయిండు. ముసలామె గుడిసె ముందట వల చిరుగులు కుట్టుకుంట కూసున్నది.

"రాజవ్వా, కిష్టడు క్యాంపుల ఏం చేస్తుండు?"

"చేపలమ్ముతుండు, బిడ్డా."

"నాకు చెప్తలేడు. మనసుల ఏం పెట్టుకున్నడో నీకన్న చెప్పిండా?"

రాజవ్వ సూది ఆపింది. "చూడు పాషా, నువ్వు అడిగి బతికేటోనివి. మేము చెప్పకుంట బతికేటోల్లం. వల ఎత్తకముందు ఏ మడుగుకు పోతున్నమో మా ఇంట్ల ఎవ్వలు నోరిప్పరు. ఆలుకు మొగడు చెప్పడు, తల్లికి కొడుకు చెప్పడు. చెప్తె మడుగు మైలవడ్తది. మా ఇంటాయన వానయ్య సచ్చిన దినం గూడ ఎటు పోతుండో నాకు చెప్పలె. రెండు దినాలు గోదారి పొడుగుత ఎతికినం." ఆమె మల్ల సూది తీసుకున్నది. "చేప పడ్డంక అడుగు. అప్పుడు వద్దన్న చెప్తనే ఉంటడు, నీకే విసుగొస్తది."

మాట బాగనే ఉన్నది. గని చాంద్ పాషాకు అది గూడ పూతనే అనిపిచ్చింది. ఆటకు, మడుగుకు ఏం సంబంధం? చెప్పకుండుడు ఆచారమైతె, దొంగలందరు ఆచారవంతులే!

మంగళారం డ్యూటీ మార్చుకోని, ముఖానికి రుమాలు చుట్టుకోని, కిష్టన్న ఎక్కిన నావ పోయినంక రెండో నావ ఎక్కిండు. క్యాంపు చేరేసరికి వాళ్ల ప్రాక్టీస్ నడుస్తున్నది. కిష్టన్న దూరంగ కంకర కుప్ప మీద కూసోని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకోని చూస్తున్నడు. ఇసుకల పుల్లతోని ఏదో గీస్తున్నడు, తుడుస్తున్నడు, మల్ల గీస్తున్నడు. ఆయన లేచిపోయినంక చాంద్ పాషా ఆ గీతలకాడికి పోయి కూసోని చూసిండు. ముందట నాలుగు పుల్లలు, వాటిని ఆనుకోని ఇంకో మూడు గుచ్చి ఉన్నయి. వెనక, చానా దూరంల, మూడు పుల్లలు. నడుమ ఉత్త ఇసుక. ఏం సమజ్ కాలే.

"మీ చేపలాయన బొమ్మనా అది?" అని వెనక నుంచి ఎవరో అడిగిన్రు. తిరిగి చూస్తె గోపాల్‌రావు. రుమాలు ఉన్నా గుర్తువట్టిండు. "ఏం కెప్టెన్ సాబ్, జాసూసీకి వచ్చినరా? రండ్రి, చాయ్ తాగుండ్రి."

చాంద్ పాషా ముఖం ఎర్రవడ్డది. దొరికిపోయినంక ఇగ దాచేదేమున్నది, సక్కగ అడిగిండు. "మా కిష్టన్న మీకు ఏం చెప్తుండు?"

గోపాల్‌రావు పక్కున నవ్విండు. "ఏం చెప్తడు? ఇరవై సార్లు అడిగిన, మీ వెనక ఆడే బ్యాక్‌లల్ల ఎవడు కచ్చోడు, ఆట రానోడు అని. చాయ్ పోసిన, అంగీ ఇచ్చిన. నోరిప్పడు. ఏ మడుగుల చేపలు అన్నా చెప్పడు. రాయి నయం."

ఇంకొకడైతె ఆ మాటతోని గుండె తేలిక చేసుకోని ఇంటికి పోయేటోడు. చాంద్ పాషా నావల కూసోని, గోపాల్‌రావు గింత సక్కగ ఎందుకు చెప్పిండని ఆలోచన చేసిండు. తన మనిషిని కాపాడుకునేటందుకు గాక మరెందుకు?

అయినా కిష్టన్నను టీమ్‌ల నుంచి తీసేసే ధైర్యం లేకపోయె. సెంటర్ హాఫ్ ఆడేటోడు ఇంకొకడు లేడు. అందుకని ఆటకు ముందు దినం కరీమ్‌ను పక్కకు పిలిచి చెప్పిండు. "నువ్వు ముందటికి పోకు. కిష్టని పక్కనే ఉండు. వాడు ఏమన్న ఖరాబ్ చేస్తె నువ్వు బాల్ తీస్కో. కన్ను తియ్యకు."

"నేను ఫార్వర్డ్‌ను గద భాయ్, నడిమిట్ల ఏం పని?"

"నేను చెప్పింది చెయ్."

మాఘ మాసం, ఆదివారం, పొద్దు జర వాలినంక ఆట సురువైంది. బెస్తవాడ, ముస్లిం వాడ మొత్తం అక్కడనే. ఆడోల్లు దుంగల కుప్పలెక్కి కూసున్నరు. రేంజర్ సాబ్‌కు కుర్చీ వేసిన్రు. మైదానం అంచున, ఇంక దించని బండ్లు నాలుగు నిలబడి ఉన్నయి. ఎడ్లు విప్పి ఉన్నయి గని దుంగలు బండ్ల మీదనే ఉన్నయి. ఓడితె రేపు పొద్దుగాల ఎక్కడ దించాలెనో అందరికెరుకే.

గోపాల్‌రావు చప్పట్లు కొట్టిండు. బూట్లు ఉరికినయి. కిష్టన్న బాల్‌ను వెనకకు, చాంద్ పాషాకు కొట్టిండు. చాంద్ పాషా బాల్ వచ్చుడు చూసిండు, దాని వెనక వస్తున్న నాలుగు జతల బూట్లు చూసిండు, కిష్టన్న ముఖం చూసిండు. దేన్ని నమ్మాలె? తొందరపడి బాల్‌ను బయటికి తన్నిండు. మల్ల అట్లనే అయింది. మల్ల బయటికే తన్నిండు. మూడోసారి కిష్టన్న, "నడిమిట్లకు కొట్టు భాయ్, వాళ్ల నెత్తి మీది నుంచి!" అని ఒర్రిండు. ఆయన నోట్ల నుంచి నెల రోజులకు వెళ్లిన మొదటి సలహా. కొట్టిండు. బాల్ పోయి నడిమిట్ల పడ్డది. అక్కడ మనోడు ఒక్కడు లేడు! ఉండాల్సిన కరీమ్, కిష్టన్న పక్కన కావలి కాస్తున్నడు. క్యాంపోల్లు ఆ బాల్ తీస్కోని వచ్చి సక్కగ గోల్ కొట్టిన్రు.

"సూసినవా!" అని చాంద్ పాషా తనలో తాను అనుకున్నడు. "నడిమిట్లకు కొట్టమన్నడు, గోల్ పడ్డది."

హాఫ్ టైంల నీళ్లు తాగుకుంట కిష్టన్న కరీమ్‌ను అడిగిండు. "ఏందిర, జలగ లెక్క నన్ను పట్టుకోని ఉన్నవ్? నీ జాగ ముందట గద?"

కరీమ్ నోట్లె చిలుక ఆగలే. "నన్నేం చెయ్యమంటవ్? నిన్ను కనిపెట్టి ఉండుమని పాషా భాయ్ చెప్పిండు. క్యాంపోల్లకు అమ్ముడువోయినవని."

కిష్టన్న చాంద్ పాషా దిక్కు చూసిండు. కోపంగ కాదు. కోపంగ చూస్తె బాగుండు. లోటా కింద పెట్టి, తువ్వాల దులిపి భుజాన వేసుకోని, దుంగల కుప్ప దిక్కు నడిచిండు.

దుంగల మీద రాజవ్వ కూసోని ఉన్నది. కొడుకు అటు వస్తుంటే దిగలే, జరుగలే. "యాడికిర?" అన్నది.

"ఇంటికి. నన్ను దొంగ అన్నంక ఇగ ఆడుడేంది?"

"అనంగనే అయిపోతవా? వల కొస పట్టినవ్. నీళ్లల్ల దిగినవ్. అవతలి కొస పట్టినోడు నీ పగోడే అయితె మాత్రం, ఎత్తేదాక ఇడుస్తరార? మీ నాయన సొంత తమ్మునితోని మూడేండ్లు మాట్లాడలే, వల మాత్రం కలిసే గుంజిండు. ఎత్తినంక ఒడ్డు మీద తన్నుకోండ్రి, ఫో!"

పక్కన అఖ్తర్ బీ గూడ అందుకున్నది. "ఆయన్ను ఒడ్డు మీద తన్నేటప్పుడు నన్ను పిలువు కిష్టన్నా, నాకు గూడ ఒకటి రెండు బాకీ ఉన్నయి."

కిష్టన్న తువ్వాల తల్లి ఒళ్లె ఏసి వాపస్ వచ్చిండు. చాంద్ పాషా ముందట నిలబడ్డడు. "కరీమ్‌ను ముందటికి పంపు. నేను నీకు బాల్ ఇస్తె, కాళ్లకాడ పెట్టుకోని నిలబడు. నేను అనేదాక కొట్టకు. గంతే."

"ఎందుకు?" అన్న మాట చాంద్ పాషా పండ్ల నడుమదాక వచ్చింది. మింగిండు. అది మింగుడు ఎంత కష్టమో, చేప ముల్లు మింగినోనికి ఎరుక.

ఆట మల్ల మొదలైంది. కిష్టన్న బాల్‌ను వెనకకు కొట్టిండు. చాంద్ పాషా కాలు కింద ఆపి నిలబడ్డడు. ఠప్పున చప్పట్లు. నలుగురు ఉరికిన్రు.

"రానియ్," అన్నడు కిష్టన్న.

పది గజాలు.

"ఇంక రానియ్."

గోపాల్‌రావు ముఖం మీది చెమట కనవడుతున్నది. చాంద్ పాషాకు, తాను గిట్ల నిలబడుడు ఎంత బేవకూఫ్ పనో, గోల్ పడితె ఊరు ఏమంటదో, బండ్ల మీది దుంగలు తాను మోడ్లు పీకిన ఏ మూల నుంచి పడుకుంట వస్తయో, అన్ని ఒక్కసారే యాదికొచ్చినయి. చేతులు వాటంతట అవి బాల్ దిక్కు వంగుతున్నయి.

"ఇగ కొట్టు!"

కొట్టిండు. బాల్ నలుగురి నెత్తి మీది నుంచి లేచి నడిమిట్ల పడ్డది. ఆ చోటు మొత్తం ఖాళీ. అప్పుడు చాంద్ పాషాకు కంకర కుప్పకాడి పుల్లలు కండ్ల ముందట నిలబడ్డయి. ముందటోల్లు నలుగురు చప్పట్లకు ఉరుకుతరు, నడిమిటి ముగ్గురు వాళ్లను ఆనుకోనే వస్తరు. వెనకటోల్లు ముగ్గురు వాళ్లతోని రారు, తమ గోల్ ముందట నిలబడి చూస్తుంటరు. ముందటికి, వెనకకు నడుమ ఒక పెద్ద మడుగంత జాగ. కిష్టన్న నాలుగు వారాలు చేపలమ్ముకుంట చూసింది గిదే. మన మీదికి ఎంతమంది వస్తె వాళ్ల ఇంట్ల అంత ఖాళీ. అయితె వాళ్లు పూర్తిగ వచ్చేదాక మనం బెదరకుంట నిలబడాలె.

కరీమ్ కాళ్లల్ల గుర్రం లేచింది. ఒకటి ఒకటి సమానం.

ఆ తర్వాత మూడు నాలుగు సార్లు గట్లనే అయినంక గోపాల్‌రావు చప్పట్లు తగ్గినయి. బూట్లు బరువైనయి. ఎదురుంగ ఉరుకుడు మనిషిని తింటది. వాళ్లు ఆట సురువైనకాడి నుంచి ఉరుకుతనే ఉన్నరు. క్యాంపోల్ల బ్యాక్ ఒకడు బాల్ తీస్కోని, మన దిక్కు వీపు చేసి, తమ కీపర్ దిక్కు తిరిగిండు. అప్పుడు కిష్టన్న గొంతు లేచింది.

"హోయ్! హోయ్! హోయ్!"

దుంగల మీది బెస్తోల్లు ఉలిక్కిపడ్డరు. అది మడుగుల చేపలను తరిమే కేక. నీళ్ల మీద కట్టెలు కొట్టుకుంట, ఒకని భుజం ఒకనికి దూరం కాకుంట, ఒక్క వరుసల నడుచుకుంట చేపను వల దిక్కుకు తోలే కేక. ఒక్కడు ముందట ఉరికితె పక్కన సందు పడ్తది, చేప అందుల నుంచి పోతది. చేప తల తిప్పినప్పుడే కదలాలె, ముందుగాల కాదు, ఆలస్యం కాదు. ఇది టీమ్‌ల ఉన్న బెస్తోల్లకు ఎవరు నేర్పాలె? కేక ఇనంగనే వాళ్ల కాళ్లు వరుస కట్టినయి. మిగిలినోల్లు వాళ్లను చూసి కదిలిన్రు. వెనక బ్యాక్‌లు గూడ సగం మైదానం దాక వచ్చిన్రు, నడుమ జాగ ఇడువలే. క్యాంపు బ్యాక్ తలెత్తి చూస్తె ఎటు చూసినా ఉత్త కాళ్ల మనుషులే, నిమ్మలంగ, దగ్గరికి, ఇంక దగ్గరికి. వాడు కంగారుపడి కీపర్‌కు కొట్టబోయిండు. అది సగం దూరంలనే ఆదయ్యకు దొరికింది. ఆదయ్య బెస్తోడే, పెద్ద ఆటగాడు కాదు. ముందట గోల్ తప్ప ఇంకేం లేదు గనుక కొట్టిండు.

రెండు ఒకటి. ఆఖరు ఈల దాక గంతే.

రేంజర్ సాబ్ కుర్చీల నుంచి లేచి, బండ్లోల్లను పిలిచి, ఎగువ ఒడ్డు దిక్కు చెయ్యి చూపెట్టిండు. చాంద్ పాషా గోల్ కట్టెను పట్టుకోని కూలవడ్డడు.

కిష్టన్నకు అప్పుడు నోరు తెరుచుకున్నది. వల ఎత్తినట్టే గద! రేవుకాడ కూసోని, క్యాంపుల ఏ మనిషి ఎన్ని సార్లు ఉరికితె దమ్ము పడ్తడు, ఎవడు ఎడమ కాలుతోని కొట్టలేడు, గోపాల్‌రావు చప్పట్లకు ముందు ఎట్ల పెదవి కొరుకుతడు, ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిండు. చాంద్ పాషా అన్ని ఇన్నడు. ఆఖరికి తాను కూడ ఒకటి చెప్పాలెనని గొంతు సవరిచ్చిండు.

"కిష్టా, నేనొక మంగళారం క్యాంపుకు..."

"రుమాలు చుట్టుకోని వచ్చినవ్. సూసిన."

"సూసినవా? మరి బాధ కాలేదా నీకు, నేను వెంబడి పడ్తున్నని?"

"అయింది. ఇయ్యాల గూడ అయింది. ఇంక కొన్ని దినాలు అయితనే ఉంటది." కిష్టన్న ఖాకీ అంగీ మీది ఇసుక దులుపుకున్నడు. "నేను ఆడుతగని, ఒక్క షర్తు. వచ్చే ఆదివారం నుంచి గోల్ల నేను నిలబడ్త. నా జాగల నువ్వు ఆడు."

"నేనా? సెంటర్ హాఫా? నా వయసేంది?"

"బాల్ నాకు వెనకకు కొట్టేటంత వయసున్నది చాలు."

ఒప్పుకోక ఏం చేస్తడు? వచ్చే ఆదివారం ప్రాక్టీస్‌ల కిష్టన్న గోల్ కట్టెల నడుమ నిలబడ్డడు. నలభై ఏండ్ల చాంద్ పాషా మైదానం నడిమిట్ల, జీవితంల మొదటిసారి, వీపు వెనక ఒక మనిషిని పెట్టుకోని నిలబడ్డడు. దుంగల మీద అఖ్తర్ బీ, రాజవ్వ పక్కపక్కన కూసోని శెనిగెలు నములుతున్నరు. బాల్ చాంద్ పాషా కాలుకాడికి వచ్చింది. అవతలి దిక్కు ఆడుతున్న కరీమ్ గోపాల్‌రావు లెక్క చప్పట్లు కొట్టిండు. ఎదురుంగ ముగ్గురు ఉరికిన్రు. ఇగ వెనకకు కొట్టాలె, చూడకుంట కొట్టాలె.

చాంద్ పాషా తిరిగి చూసిండు. కిష్టన్న ఉన్నడా లేడా అని. గా రెప్పపాటుల కరీమ్ వచ్చి బాల్ ఎత్తుకపోయిండు.

"సూడకు భాయ్," అని వెనక నుంచి కిష్టన్న అన్నడు. "మల్ల కొట్టు."

మల్ల బాల్ వచ్చింది. చాంద్ పాషా మల్ల తిరిగి చూసిండు.